ఏటిగట్టున అప్పగించిన చెప్పులు
తొంభైల చివర్లో విశాఖ నుంచి ఒక్కరోజు టూరు బస్సులో అరకు వెళ్ళాం. డుంబ్రిగుడ దగ్గర ఏట్లో లారీ ట్యూబుల మీద తేలడం, సాయంత్రం బీచ్. అదీ ప్యాకేజీ.

ఏటిగట్టున మా చెప్పులకు కాపలా కూర్చున్న గిరిజన స్త్రీ ఎవరివి వారికిచ్చేసింది. బస్సు కదలబోతుంటే ఇంకో జోడు పట్టుకుని పైకెక్కింది.

“ఇయ్యెవులివి బాబూ? బేగి సూసుకోండి.”

డ్రైవరు విసుక్కున్నాడు. “మళ్ళీ తెచ్చినావేటి? ఆ కుర్రోడు కొట్టుకుపోయి ఏడాదైంది. దిగమ్మా!”

“నా సేతికిచ్చి నీట్లోకి దిగినాడు. ఆడి మనుసులెవులైనా వత్తే ఇచ్చీవాలి గదా.”

ఆమె అందరి కాళ్ళకేసీ చూసుకుంటూ చివరి సీటు దాకా వెళ్ళి, అలాగే దిగిపోయింది. పేరు అడగలేదు. డైరీలో ‘చెప్పులావిడ’ అని రాసుకున్నాను.

బీచ్‌లో అందరూ చెప్పులు విడిచి అలల్లోకి పరిగెత్తారు. నేనూ విడిచాను. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్ళీ తొడుక్కున్నాను.