సావోపాలో దూరం, శివమ్మ ఒక్కపొద్దు

2016లో నేను జహీరాబాద్‌లోని ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ట్రావెల్ డెస్క్ సీనియర్ ఆఫీసర్‌ని. విదేశాలకు వెళ్లే సిబ్బందికి టికెట్లు, వీసాలు చూడటం నా పని. టికెట్లు కంప్యూటరే ఇస్తుంది కదా అనేవాళ్లు ఆఫీసులో. అయితే దాన్నే అడగండి అనేదాన్ని. స్వచ్ఛంద విరమణ తీసుకునే రోజు వరకూ నన్నే అడిగారు.

ఆ వానాకాలం మా దగ్గరి ఊరు మొగుడంపల్లికి చెందిన ఫిట్టర్ నర్సింలును యంత్రాలు బిగించే పని మీద బ్రెజిల్‌లోని సావోపాలోకు పంపాం. నేరుగా విమానం లేదు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు. అక్కడ విమానం మారి ఆఫ్రికా, అట్లాంటిక్ దాటడానికి మరో పదిహేను. టికెట్ మీద మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి అదే సాయంత్రం నాలుగున్నరకు దిగినట్టు ఉంటుంది. టికెట్‌పై ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. బ్రెజిల్ గడియారం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడి నాలుగున్నర మనకు రాత్రి ఒంటిగంట.

సాయంత్రం అయిదు దాటాక నర్సింలు భార్య లక్ష్మి ఫోన్ చేసింది. "మేడం, ఇమానం దిగే టైమైపాయె, పొద్దుగాల దుబాయ్‌ల దిగినని మెసేజ్ పెట్టిండు, ఇప్పుడు ఆయన ఫోన్ కలుస్తలేదు. కొడుకు దిగినంకనే తింటనని అత్తమ్మ పొద్దుగాల్నుంచి ఒక్కపొద్దుంది. షుగర్ గోళీ మాత్రం ఏసుకుంది. చేతులు వణుకుతున్నయ్."

విమానం క్షేమంగానే ఎగురుతోందని కంప్యూటర్‌లో చూసి, అసలు లెక్క వివరించాను. భయం తీరింది గానీ పని చెడింది. "అయితే ఒంటిగంటకే తింట" అన్నదట అత్తగారు శివమ్మ. ముందు ఆమె నోట్లో చక్కెర వేయమని చెప్పి కారెక్కాను.

నేను మొగుడంపల్లి చేరేసరికి శివమ్మ చక్కెర కూడా ముట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది, నుదురంతా చెమట. నేను గట్టిగానే అందుకున్నాను. "పెద్దమ్మా, నీ కొడుకు ఇమానంల కడుపునిండ తింటుండు. నువ్వెందుకు మాడుతున్నవ్?"

"తిన్నడని నీకెట్ల ఎర్క? నువ్వు పెట్టొచ్చినవా?"

నాకు సరిజోడే దొరికింది. ఏమని మొక్కావో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను.

"నా కొడుకు కాలు నేలమీద పెట్టేదాంక మెతుకు ముట్టనని."

"పొద్దుగాల్నే దుబాయ్‌ల దిగినని లక్ష్మికి మెసేజ్ పెట్టిండు గద! నేలమీద కాలు పెట్టకుంటనే ఇంకో ఇమానం ఎక్కిండా?"

"మల్ల ఎక్కిండు గద."

"ఎక్కినంక నువ్వు మల్ల మొక్కినవా?"

"లే."

"మరింకేంది? నీ మొక్కు పొద్దుగాల్నే తీరిపాయె."

"నీతోని ఎవరు గెలుస్తరు బిడ్డా" అని నవ్వి, లక్ష్మి ఇచ్చిన బెల్లం నీళ్లు తాగింది. చేతులు కుదుటపడ్డాక జొన్నరొట్టె తుంచి, మొదటి ముక్క నా చేతిలో పెట్టింది. నా మొహం చూస్తే నేనూ తిన్నట్టు లేదట. దానికి మాత్రం వాదించలేదు. ఈ ఒక్కపొద్దు సంగతి నర్సింలుకు చెప్పొద్దని, తెలిస్తే వాడు పని మీద మనసు పెట్టడని, రెండుసార్లు చెప్పి పంపింది.

ఆ తర్వాత ప్రతి టికెట్‌తో పాటు ఇంటివాళ్ల కోసం విడిగా జహీరాబాద్ సమయం రాసి ఇచ్చాను. అది ఎయిర్‌లైన్ పద్ధతి కాదన్నారు మా మేనేజర్. ఎయిర్‌లైన్ వాళ్ల అమ్మలు మొగుడంపల్లిలో లేరన్నాను. ప్రయాణం ఎంతసేపో ఎదురుచూసేవాళ్ల గడియారంలో చెప్పాలి. మధ్యలో ఎక్కడ కాలు నేలకు ఆనుతుందో అదీ చెప్పాలి.