మా ఇల్లొక్కటే మిగిలింది

పోయిన నెల ఒక ఉదయం పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి ఉండగా మా నాన్న ఫోను చేశాడు. "అత్త పోనాదమ్మా" అన్నాడు.

"ఎలాగ పోతాది నాన్నా? ఇంకా మా ఇంటికి రాలేదు గదా!" అని కేక వేశాను.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు వాసనకి మా ఆయన పరుగెత్తుకొచ్చి కట్టేశాడు. నేను మాత్రం ఫోను పట్టుకుని అదే మాట అంటున్నానట. రాలేదు గదా, రాలేదు గదా అని. నాకు మతి పోయిందనుకున్నాడు పాపం. మీరూ అనుకునేలోగా సంగతి చెప్పేస్తాను.

ఆవిడ మా నాన్నకి చెల్లెలు, నాకు మేనత్త. కోటబొమ్మాళికి దగ్గర్లో మా పల్లె. మావయ్య చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. నాకు ఊహ తెలిసేసరికి మా అమ్మ కూడా లేదు కాబట్టి, పదో తరగతి దాకా అత్త ఇంట్లోనే పెరిగాను. జడ ఎంత బిగించి అల్లేదంటే నా కనుబొమలు పైకి లేచిపోయి, రోజంతా దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేదాన్ని. "ఒదులుగా అల్లితే సాయంత్రానికి దెయ్యంలాగ ఇంటికొస్తావే కోడలా" అనేది. నా పెళ్ళయి రాజాం వచ్చాక కూడా ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచినట్టు గుర్తులేదు. ఎప్పుడూ కోడలా అనే.

యాభై దాటాక స్కూటీ నేర్చుకుంది. ఎరువు బస్తా ముందు పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని పొలానికి పోయేది. బండి బాగానే నడిపేది గానీ, ఒకసారి ఇండికేటరు వేసిందంటే ఇంక ఆర్పేది కాదు. అది అలా కొట్టుకుంటూనే ఉండేది. వెనకాల ఆటోవాళ్ళు తిట్టేవారు. "ఎక్కడో ఓకాడ తిరుగుతాను గదరా! ముందే సెప్తన్నాను, ఏడవండి" అని తిరిగి వాళ్ళ మీదే పడేది.

పెద్ద నోట్లు రద్దయిన ఏడాది చలికాలంలో ఆవిడ రొమ్ములో గడ్డ బయటపడింది. విశాఖపట్నంలో డాక్టరు ముదిరిపోయిందన్నాడు, ఆపరేషను చేసినా నమ్మకం చెప్పలేనన్నాడు. నాన్న అక్కడే గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. అత్త మాత్రం "కోతలయ్యాక రావొచ్చా బాబూ?" అని అడిగింది. ఆయన కసురుకుని, కొద్ది రోజులు గడువిచ్చాడు.

మావాళ్ళలో ఎవరికైనా జబ్బంటే పలకరింపులు మొదలవుతాయి. బత్తాయిలు, రొట్టె పేకెట్లు పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తారు. ఆ తర్వాత అదే జబ్బుతో ఎవరెవరు ఎలా పోయారో పూస గుచ్చినట్టు చెబుతారు. రోగికి ధైర్యం చెప్పడమంటే మావాళ్ళకి తెలిసింది అదే. అత్త ఇల్లు పళ్ళ కొట్టులా అయిపోయింది. రొట్టెలు తిని తిని ఆవు కూడా మొహం తిప్పేసింది. "రోగం ఒక్కటే వచ్చినాదే కోడలా, దాన్ని సూడ్డానికి ఊరంతా వచ్చినాది. సచ్చిపోయినట్టే మాటాడతన్నారు నా ఎదురుగానే" అంది నాతో ఫోనులో. నవ్వుతూనే అంది.

కోతలయ్యాయి. ఒక తెల్లవారుజామున అత్త లేదు, స్కూటీ లేదు, ఆ పళ్ళూ రొట్టెలూ లేవు. ఫోను కట్టేసి ఉంది. సముద్రం ఎంతో దూరం లేదు మాకు. ఏ నుయ్యో గొయ్యో చూసుకుందని అందరం అనుకున్నాం.

మొదటి కబురు నరసన్నపేట నుంచి వచ్చింది. అక్కడ నాన్నకి పిన్నమ్మ ఉంది, ముసలావిడ. మాలో చావు కబురు పెద్దవాళ్ళకి ఫోనులో చెప్పరు, మనిషి వెళ్ళి చెప్పాలి. పొద్దున్నే చెప్పాపెట్టకుండా బండి ఆగేసరికి ఆవిడ వాకిట్లోనే రొమ్ము బాదుకుంది. "ఓలమ్మో! ఎవులు పోనారే తల్లీ!" అని. వీధి వీధంతా చేరిపోయింది.

అత్త హెల్మెట్టు తీసి "ఎవులూ పోలేదు పిన్నీ. పోబోయేది నానే. ముందా ఏడుపాపి టీ పెట్టు" అందట.

టీ తాగుతూ చెప్పిందట. "నాను పోయాక మీరందరూ వస్తారు. అప్పుడు నాకు పలకడమొస్తాదేటి? అందుకే ముందే నానొచ్చినాను, పలకరించడానికి." బత్తాయిలు ఆవిడ ఒళ్ళో పోసి, ఆవిడ మోకాళ్ళ నొప్పులన్నీ మధ్యాహ్నం దాకా వింది. నిజానికి ఆ ముసలావిడని ఎవరైనా పలకరించి ఎన్నాళ్ళయిందో!

తర్వాత శ్రీకాకుళం. అక్కడున్న తన పెదనాన్న కొడుకుతో అత్తకి పొలం గట్టు తగువై మాటల్లేవు. నేరుగా వాళ్ళ వంటింట్లోకి పోయి పీట వాల్చుకుని కూర్చుందట. "అన్నం పెట్టండి. గొడవుంటే రేపు మీకు ఏడుపు సరిగ్గా రాదు" అందట. ఆయన అప్పుడే ఏడ్చాడని ఆయన భార్య ఫోనులో చెప్పింది.

ఒక్కో ఇంటి నుంచి ఫోను వస్తోంది, మేం నోళ్ళు తెరుచుకుని వింటున్నాం. రేపో మాపో ఆపరేషను పెట్టుకున్న మనిషి, హైవే మీద లారీల మధ్య ఒక్కర్తీ! నాన్న తిట్టని తిట్టు లేదు. నేను మాత్రం దారి లెక్కేసుకున్నాను. శ్రీకాకుళం తర్వాత రాజామే. ఎండుచేపలు వేసి వంకాయ కూర వండి, గేటు దగ్గర నిలబడ్డాను. అత్త గురించీ ఆ స్కూటీ గురించీ నా నోట ఎన్నిసార్లో విన్న ఎదురింటావిడ కూడా నాతోపాటే నిలబడింది. మధ్యాహ్నమైంది, పొద్దు వాలింది. అప్పుడు చీపురుపల్లి నుంచి ఫోను: అత్త అక్కడ భోంచేస్తోందట! మా ఊరి మీదుగానే పోయింది, మా వీధిలోకి తిరగలేదు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఫోను ఆవిడకిమ్మని గట్టిగా అరిచాను.

"అందరిళ్ళకీ పోయావు! నేనేం పాపం చేశాను? నీ పెంపకం పిల్లని కానా?"

"అరవకే గుంటా. అన్ని ఇల్లూ అయిపోతే ఇంక నాకేటి పనుంటాది సెప్పు? నీ ఇల్లొక్కటీ అట్టిపెట్టుకున్నాను. అది మిగిలున్నంతసేపూ నాను పోను."

నమ్మేశాను. చదువుకున్నదాన్నే, అయినా నమ్మేశాను. ఆపరేషను గట్టెక్కింది, మందులెక్కించారు, జుట్టు రాలింది, మళ్ళీ వచ్చింది. రెండేళ్ళు దాటాయి. ఆస్పత్రికి నేనే వెళ్ళేదాన్ని, పల్లెకి నేనే వెళ్ళేదాన్ని. మా ఇంటికి రమ్మని మాత్రం ఒక్కసారీ అనలేదు. మా వీధిలో ఏ స్కూటీ చప్పుడైనా గేటు దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఆవిడ కాదని చూసుకుని, హమ్మయ్య అనుకునేదాన్ని. మేనత్త ఇంటికి రాకూడదని మొక్కుకున్న మేనకోడలు ఎక్కడైనా ఉంటుందా? నేనున్నాను.

పోయే ముందు రోజు కూడా ఫోనులో బాగానే మాట్లాడింది. ఊడుపులకి మనుషులు దొరకడం లేదని సణిగింది. నిద్రలోనే పోయింది. అందుకే ఆ ఫోనుకి నాకు ఏడుపు రాలేదు. మాట తప్పిందని కోపం వచ్చింది.

నరసన్నపేట ముసలావిడ ఆటోలో వచ్చి అత్త తల దగ్గర కూర్చుంది. కంట చుక్క లేదు. "నాను ఆ రోజే ఏడిసీసినాను. ఇయాల దీనితో మాటాడతాను" అని ఏవేవో చెబుతూనే ఉంది.

పెద్దకర్మ అయ్యాక నాన్న స్కూటీ తాళం నా చేతిలో పెట్టాడు. "నీకియ్యమని సెప్పినాదమ్మా" అన్నాడు. ఎవరెంత చెప్పినా వినకుండా ఒక్కదాన్నే బయల్దేరాను, ఆవిడ పోయిన దారినే. లారీ పక్కనుంచి పోతుంటే బండి ఊగిపోయేది. ఆ ఒంటితో ఎలా నడిపిందో మహాతల్లి.

సాయంత్రానికి మా వీధిలోకి తిరిగాను. ఎదురింటావిడ కూతురి దగ్గరికి పోయి అంతకుముందు రోజే వచ్చింది, ఆవిడకి కబురు తెలీదు. అరుగు మీద కూర్చుని ఆకుకూర ఒలుచుకుంటూ, బండిని చూసి మొహమంతా నవ్వుతో లేచింది.

"మీ అత్త వచ్చీసినాదేటి?"

"వచ్చీసినాది" అన్నాను.

గేటు తీసి బండి లోపల పెట్టి స్టాండు వేశాను. కుడివైపు ఇండికేటరు కొట్టుకుంటోంది. ఏ జంక్షనులో వేశానో ఏమో. ఆర్పబుద్ధి కాలేదు.