పోయిండంట

ప్రాగ్ నగరంలో నేను చూసింది చాలా తక్కువ. వంతెన, కోట, పేరుమోసిన గడియారం, అన్నిటి పక్కనా నిలబడి ఫోటోలు దిగినట్టే ఉన్నాను. కానీ ఏ ఫోటోలో చూసినా తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాను.

అప్పుడు జర్మనీలో చదువుతున్నాను. విదేశీ విద్యార్థులందరినీ శని, ఆదివారాలకి ప్రాగ్ తీసుకెళ్ళే బస్సు ఒకటి వేశారు. శుక్రవారం సాయంత్రం తమ్ముడు మెసేజ్ పెట్టాడు. బందరు రేవులో ఏడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారట. గిలకలదిండి నుంచి వేటకెళ్ళిన మరబోట్లన్నీ తిరిగొచ్చాయి, రెండు తప్ప. ఆ రెండింట్లో ఒకదానికి మా నాన్న సరంగు, అంటే బోటు నడిపే మనిషి.

నేను రానన్నాను. మా రూమ్మేట్ ఒప్పుకోలేదు. ఆమెది కరీంనగర్ దగ్గర పల్లె. "రూంల కూసోని గోడలు చూస్తవా? నడువ్, పోదాం. ఫోన్ ఆడ గూడ మోగుతది" అని నా సంచి తనే సర్దేసింది. ఆ సర్దడంలో పవర్ బ్యాంక్ మరిచిపోయింది.

ఆమె ఏం మాట్లాడినా దిద్దడం నాకు అలవాటు. గుడివాడ హాస్టల్లో తేరిన తెలుగు నాది. అసలైన తెలుగంటే అదేనని గట్టి నమ్మకం. "షాపుకు పోతున్న" అని ఆమె అంటే, "పోకు, వెళ్ళు" అనేదాన్ని. "మా వైపు మనుషులు వెళ్తారు. కరెంటూ ప్రాణాలూ పోతాయి" అని పాఠం చెప్పేదాన్ని. "సరే పంతులమ్మా" అని నవ్వేసి, మళ్ళీ "పోయొస్త" అంటూనే తలుపు వేసేది. నాకు అదంతా సరదాగానే ఉండేది. ఆమెకు ఎలా ఉండేదో ఒక్కసారి కూడా అడగలేదు.

శనివారం పదకొండింటికి గడియారం ముందు నిలబడ్డాం. గైడ్ పసుపు గొడుగు ఎత్తి పట్టుకుని ఏదో చెబుతోంది. ఆవిడ ఆగిన చోటల్లా నేను నడిచాను, ఆవిడ నడిచిన చోటల్లా ఆగిపోయాను. గంట కొట్టేటప్పుడు అందులోంచి ఒక అస్థిపంజరం తాడు లాగుతుంది. అది చూడటానికి వందలమంది మెడలెత్తి నిలబడి చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్ళు మండింది. నాలుగున్నర గంటలు కలిపాను. బందరులో మూడున్నర. కలిపి ఏం లాభం? తెలిసిన సమయమే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాను. అమ్మ నంబరు మోగదు. తమ్ముడిది స్విచ్ ఆఫ్. నాన్నకు ఈత వచ్చు అని ఒక నిమిషం అనుకుంటాను. ఆ గాలిలో ఈత ఏం చేస్తుంది అని మరో నిమిషం.

వంతెన దగ్గరికి వచ్చేసరికి నా ఫోన్‌లో రెండు శాతం మిగిలింది. దాంతోనే తమ్ముడికి రూమ్మేట్ నంబరు పంపాను. వెంటనే ఫోన్ ఆగిపోయింది.

ఇక చేతిలో చూసుకోవడానికి కూడా ఏమీ లేదు. గుంపును వదిలేసి వంతెన మధ్యదాకా నడిచాను. రాతి గోడ మీంచి కిందకు చూస్తే నది ఏ గొడవా లేకుండా పారుతోంది. బాతులు కూడా ఉన్నాయి. ఆ నీళ్ళ మీద కూడా కోపమొచ్చింది. అటూ ఇటూ తిరిగాను. ఒక బొమ్మలు గీసే ఆయన నన్ను గీస్తానని రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగలేదు.

అప్పుడు రూమ్మేట్ జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ ఆయాసంలో తెలియలేదు.

"మీ తమ్ముడు ఫోన్ చేసిండే. లైన్ మంచిగ లేదు, ముక్కలు ముక్కలే ఇనొచ్చింది. మీ నాయిన పోయిండంట."

నేను రాళ్ళ మీద కూలబడ్డాను. ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది, నా చెవికి ఒక్క ముక్క ఎక్కలేదు. చివరిసారి మాట్లాడినప్పుడు తర్వాత చేస్తాను నాన్నా అని పెట్టేశాను. అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. గుంపుతో వెనకే వచ్చిన గైడ్ గొడుగు దించింది.

ఆమె ఎదురుగా కూర్చుని నా భుజాలు పట్టుకుంది. "గట్ల చూడకు. సచ్చిపోలే. పోయిండు. ఏదో లంకకు పోయిండంట. బోటు ఆడ కట్టేసిర్రంట. అందరు మంచిగున్నరంట."

లంక. నాగాయలంక. గాలికి బందరు రాలేక కృష్ణలోకి తిరిగి, దివిసీమలో నాగాయలంక చేరారన్నమాట.

ప్రాణం లేచి రావాలి కదా. ముందు కోపం లేచింది. ఆమె చేతులు విదిలించుకున్నాను. "తెలుగు రాకపోతే నోరు మూసుకుని ఫోన్ నా చేతికివ్వు. నీ భాష నువ్వూ" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళలో తెలుగు తెలిసినవాళ్ళెవరూ లేరు. అయినా అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆమె లాక్ తీసి, ఫోన్ నా చేతిలో పెట్టింది.

తమ్ముడికి చేస్తే మళ్ళీ స్విచ్ ఆఫ్. అరగంటకు ఆ ఫోన్ మోగింది. ఎవరిదో నంబరు. నాన్న. ఎప్పటిలాగే గాలివానలో అవతలి పడవవాణ్ణి పిలిచినట్టు అరుస్తున్నాడు. పక్కన కూర్చున్న ఆమెకు కూడా ప్రతి మాటా వినబడుతోంది.

"నాగాయలంక పోయామమ్మా. బందరు ముఖం పెడదామంటే గాలి ఒప్పుకోలా. ఇటు పోయాం గాబట్టి సరిపోయింది, లేపోతే పోయేవోళ్ళమే. నువ్వు అన్నం తిన్నావా?"

తిన్నానని అబద్ధం చెప్పాను. ఏడుపు ఆగలేదు. బతికున్నాడన్న ఏడుపు సగమే. మిగతా సగం ఆ మాటకి.

గుడివాడ హాస్టల్లో చేరిన మొదటి వారం, మీ నాన్న ఎక్కడని ఎవరో అడిగితే, "మా నాన్న పోయాడు, మొన్నే" అన్నాను. వేటకి అని చెప్పాలని తోచలేదు. మా గిలకలదిండిలో చెప్పనక్కర్లేదు. రెండు రోజులు పిల్లలంతా నన్ను జాలిగా చూశారు. వార్డెనమ్మ తన గదిలోకి పిలిచి బిస్కెట్లు పెట్టింది. సంగతి తెలిశాక ఏడాదంతా నవ్వారు. అప్పటినుంచి, ఎవరినైనా దిద్దడానికి తప్ప, ఆ మాట నా నోట రాలేదు. ఇంటికెళ్ళినప్పుడు నాన్నను కూడా దిద్దేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నన్ను చూసి ఎవరు నవ్వారో, అచ్చం వాళ్ళలాగే తయారయ్యాను.

బస్సులో ఆమెకు ఇదంతా చెప్పాలనుకున్నాను. "సారీ" అని మాత్రం అనగలిగాను.

"పర్లేదండీ" అంది, కిటికీలోంచి చూస్తూ.

అండీ. ఏడాది నుంచి ఒకే గిన్నెలో తిన్న మనిషి.

తర్వాత మామూలుగానే ఉన్నాం. వండుకున్నాం, పరీక్షలు రాశాం, నవ్వుకున్నాం కూడా. కానీ ఆమె వాళ్ళమ్మతో ఫోన్‌లో "పోయొస్త" అనేది, నాతో "వెళ్ళొస్త" అనేది. తప్పు రాకుండా, ఒక క్షణం ఆగి, మాట వెతుక్కుని మరీ అనేది. నేను కోరుకున్న తెలుగే. వినలేకపోయేదాన్ని. అలా మాట్లాడకు అని చాలాసార్లు చెప్పబోయి ఊరుకున్నాను, అది కూడా దిద్దడమే అవుతుందని.

మరుసటి వేసవిలో ఆమెకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సూట్‌కేసు గడప దాటించి, వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తాను" అంది. అచ్చం మా బందరులో అన్నట్టే అంది.

గుడివాడ హాస్టల్ తర్వాత మొదటిసారి నా నోట ఆ మాట వచ్చింది.

"పోయిరా" అన్నాను.

ఆమె సూట్‌కేసు అక్కడే వదిలేసి లోపలికి వచ్చింది.