ఐన్‌కు కళ్లద్దాలు

అది నేను సౌదీలోని హుఫూఫ్‌కు వచ్చిన తొమ్మిదో ఏడు. పర్యావరణ నివేదికలు రాసే ఒక కన్సల్టెన్సీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే ఏ కాగితం ఎవరి దగ్గరుందో, ఎన్నిసార్లు మారిందో చూసుకునేవాణ్ణి. పాత గ్యాస్ పైప్‌లైన్ పక్కన రెండోది వేయడానికి అనుమతి కావాలి. దానికి ముందు ఆ దారిలోని ఖర్జూర తోటలవాళ్లను పిలిచి అభ్యంతరాలు వినాలి. దీన్ని పబ్లిక్ కన్సల్టేషన్ అంటారు. ప్రతి మాటనూ కామెంట్ షీట్‌లో రాసి, జవాబిచ్చి, ఎదురుగా ‘క్లోజ్డ్’ అని వేయాలి. అన్నీ క్లోజ్ అయితేనే ఫైలు కదులుతుంది.

ఆ రోజు అనువాదకుడు రాలేదు. కడప లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి అరబీ నేర్చుకున్నవాణ్ణి కదా, నేను రాస్తానని చెయ్యెత్తాను.

వరసలో చివర ఒక ముసలి రైతు. ఎడమ కంట్లో తెల్లగా పువ్వు.

“నా ఐన్ సగం పోయింది సదీక్. మీరు అక్కడ తవ్వితే మిగతాదీ పోతుంది,” అన్నాడు.

సదీక్ అంటే మిత్రుడు, ఐన్ అంటే కన్ను. ‘తవ్వకం దుమ్ముతో కంటికి హాని’ అని రాశాను. జవాబు: నీళ్లు చల్లుతాం, కళ్లద్దాలు ఇస్తాం. క్లోజ్డ్.

మూడు వారాలకు ఆయన ఆ కళ్లద్దాలు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

“ఇవి నీళ్లకు ఎలా తొడగాలి? నువ్వే చూపించు.”

నాకేమీ అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని తన బండెక్కించాడు. తోట నడుమ చిన్న ఊట. అడుగున ఇసుకను కదిలిస్తూ నీరు పైకొస్తోంది. నీరు సగానికి దిగిపోయినట్టు గట్టు మీద ఎండిన చార. నాలుగడుగుల దూరంలో మా సర్వే మేకు, ఎర్ర రిబ్బన్‌తో.

“ఇదీ నా ఐన్. నా కంటి సంగతి నిన్నెవరడిగారు?”

తిరిగొచ్చి మేనేజర్ సుధాకర్ గారికి చెప్పాను. ఆయనది గుంటూరు వైపు.

“క్లోజ్ చేసింది మళ్లీ తెరుస్తావేంటయ్యా బాషా? ఎల్లుండే సబ్మిషన్. ఎవరి తప్పంటే ఏం చెప్పమంటావ్?”

“నాదేనని రాయండి సార్. ఆ నీళ్లు పోతే ఆయప్ప తోట యాడ బతుకుతాది?”

“పెద్ద పండితుడివని నమ్మాం చూడు, మాదీ తప్పు,” అంటూ ఫైలు నా ముందుకు తోశారు.

మళ్లీ సర్వే, మళ్లీ మ్యాపులు, మళ్లీ సంతకాలు. నాలుగు నెలలు ఆఫీసంతా నన్ను చూసి నిట్టూర్చింది. లైను ఊటకు దూరంగా జరిగింది. ఆ తర్వాత నన్ను ఏ మీటింగుకూ పిలవలేదు. పెద్దాయనా మళ్లీ రాలేదు. ఆయనకు రావాల్సిన పనేముంది?

లైబ్రరీలో ఎత్తి రాసుకున్న పాత నోట్‌బుక్ తీసి చూశాను. ‘ఐన్: కన్ను, ఊట’ అని నా చేతిరాతే. చదివిన మాటే. ఎదుటి మనిషి కంట్లో పువ్వు చూసి, అక్కడే ఆగిపోయాను.

ఇప్పటికీ కామెంట్ షీట్లు నా బల్ల మీదికే వస్తాయి. క్లోజ్డ్ అని ఉన్న ప్రతిదానికీ, రాసినవాళ్లకు ఫోన్ చేసి ఒకటే అడుగుతాను: “ఇది ఆ మాట చెప్పిన మనిషికి చదివి వినిపించారా?” చాలామంది విసుక్కుంటారు. వినిపించానని చెప్పేదాకా ఆ ఫైలు నా బల్ల దాటదు.