మాట రాని చెల్లె పిలిచిన మధ్యాహ్నం

మా యాలాల్‌లో ఏ పిల్లకు జ్వరం వచ్చినా దెయ్యం పట్టిందనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. దెయ్యానికి మా ఊరి పిల్లలు తప్ప ఇంకెవరూ దొరకరా అని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే మొహమాటంగా ఉంది.

మా అన్న పుట్టు చెవిటి, మాటలు రాలేదు. ఏడేళ్లప్పుడు వాగులోకి దూకి మళ్లీ లేవలేదు. నడుము లోతు నీళ్లే. వాగులో ఏదో పట్టుకుందన్నారు ఊరివాళ్లు. తర్వాత పుట్టిన చెల్లె అనసూయ కూడా అట్లాంటిదే. అయిదేళ్లు వచ్చినప్పటి నుంచి, ఉలిక్కిపడితే చాలు, నిలుచున్నచోటే కుప్పకూలేది. కాసేపటికి తనే లేచేది.

పందొమ్మిది వందల అరవైలలో తాండూరు డాక్టరు మమ్మల్ని హైదరాబాదు పంపాడు. అక్కడ ఇంటిల్లిపాది ఛాతీలకూ తీగలు తగిలించి కాగితం మీద గుండె గీతలు తీశారు. ఉలిక్కిపడితే అనసూయ గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతుందట. చెవుడూ ఇదీ ఒకే జబ్బట. అన్నను తీసుకుపోయింది కూడా ఇదేనట. అమ్మ గీతలోనూ నా గీతలోనూ కూడా మామూలు కంటే కొంచెం తేడా ఉంది. మాత్రలిచ్చారు. పడిపోయి లేవకపోతే ఛాతీ మీద గుద్ది, నోట్లోకి ఊపిరి ఊదమని నాకు నేర్పారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అనసూయను వెనక నుంచి ముట్టుకోలేదు. ఎదురుగా వెళ్లి, దూరం నుంచే కొంగు ఊపి, తను చూశాకే దగ్గరికి పోయేవాళ్లం. ఊరి పిల్లలు భయపడి తనతో ఆడడం మానేశారు. తన వెంటే ఉండే నన్నూ పిలవడం మానేశారు. ఇద్దరికీ ఇద్దరమే మిగిలాం. ఏడుపు తప్ప ఆ పిల్ల నోట ఒక్క మాటా నేను వినలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ జొన్నలు దంచుతున్నాం. రోకళ్ల చప్పుడులో పక్కమనిషి మాట కూడా వినబడదు. అప్పుడు నా చెవి పక్కనే "అక్కా" అని వినిపించింది. ఎన్నడూ వినని గొంతు. అయినా అనసూయదేనని తెలిసిపోయింది.

"అనసూయ పిలిచిందే అమ్మా" అని అరిచాను.

అమ్మ రోకలి ఆపింది. "ఎవ్వరు పిల్వలే. గా మూగపిల్ల నిన్నెట్ల పిలుస్తదే?"

రోకలి పారేసి ఉరికాను. ఇంటి వెనక రెండు చేలు దాటితే మా కంది చేను, అనసూయ అటే పోయింది. గట్టు మీద అనసూయ పడి ఉంది, పెదాలు నల్లబడ్డాయి. గొర్రెలు కాసే మల్లయ్య తాత పక్కనే నిలబడ్డాడు. నేర్పినట్టే గుద్దాను, ఊదాను. ఎంతసేపో తెలియదు. చివరికి దగ్గింది.

"పొట్టేలు ఎన్కనుంచి పొడిసింది బిడ్డా. గప్పుడే పడ్డది. నోరు తెర్వలే. నాకు సుత భయంతోని కేక రాలే" అన్నాడు తాత.

తర్వాత నన్ను నవాబుపేటలో ఇచ్చారు. కొంగు ఊపడానికి అమ్మ ఒక్కతే మిగిలింది. రెండేళ్లకు ఒక పొద్దున అనసూయ పెరట్లో పడిపోయింది. అమ్మ చూసేసరికి ఆలస్యమైంది. ఆ పొద్దున మా అత్తవారింట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. చీమ చిటుక్కుమన్నా వినబడేది. ఏ పిలుపూ రాలేదు.

మొదటిసారి ఎట్లా వినబడిందో నాకు తెలియదు. నా భ్రమేనని సరిపెట్టుకోలేను, ఆ పిలుపుకే కదా ఉరికింది. కానీ ఎక్కువగా ఏడిపించేది రెండోసారి వినబడకపోవడమే. అనసూయ మీద కోపం కూడా వస్తుంది. నేను వదిలేసి పోయాననుకుని పిలవలేదేమో.