మా అల్లుడు బిగించిన రెండు సైలెన్సర్లు

నేను చదివింది ఊరి బడిలో, అదీ ఐదో తరగతి దాకానే. అయినా పిండిమర ఇంజనుకు పొగగొట్టం నేనే చేశాను. చుట్టుపక్కల ఏ ట్రాక్టరు దగ్గినా నాకే కబురొచ్చేది. రోడ్డు రోలరు కంపెనీ ఇంజనీరు నా వెల్డింగు చూసి, మసి చేతినే పట్టుకుని ఊపాడు. ఇవి గొప్పలు కావు, జరిగినవి. అయితే రాయబోయేది నా గురించి కాదు, నా దగ్గర పని నేర్చి నన్ను మించిపోయిన మా అల్లుడి గురించి.

కార్ల కింద దూరీ దూరీ మనిషి కొంచెం వంగిపోయాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. అతను సైలెన్సర్లు బిగించే గ్యారేజీని యజమాని అమ్మేసుకున్నాడు. అప్పట్నుంచి కిటికీ చువ్వలూ గేట్లూ అతికిస్తున్నాడు. "గేటుకి గొంతుండదు మావయ్యా" అంటాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండేవాడు, తినేవాడు కాదు.

అలాంటప్పుడు ఒక రేసు జట్టు మేనేజరు కబురు పెట్టాడు. "ఎగ్జాస్టు పనికి ఒక్క మనిషి కావాలి. నీ కారుకు నువ్వే గొట్టం బిగించి తీసుకురా. మేం చెప్పిన టైములో అది ట్రాక్ చుట్టి వస్తే ఉద్యోగం నీదే."

అల్లుడు పాత స్పోర్ట్స్ కారొకటి తుక్కులోంచి తెచ్చి ప్రాణం పోశాడు. దానికి రెండు సైలెన్సర్లు సిద్ధం చేశాడు. ఒకదాంట్లో పొగ తిన్నగా పోతుంది, చుట్టూ గాజుదూది. బండికి ఊపు తగ్గదు, చప్పుడే ఎక్కువ. రెండోదాంట్లో గదులు, పొగ మలుపులు తిరిగి అలిసిపోతుంది, చప్పుడుతోపాటు ఊపూ పోతుంది. ట్రాక్ గేటు దగ్గర మీటరు పెట్టి చప్పుడు కొలుస్తారు. హద్దు దాటితే లోపలికి రానివ్వరు.

మా ఇంట్లో నేను పెట్టిన పరీక్ష ఒకటుంది. ఇంజను తిరుగుతుండగా గొట్టం పక్కన నిలబడి మామూలుగా మాట్లాడాలి. ఎదుటివాళ్లు బదులిస్తే సైలెన్సరు పాసు. తిన్నగా పోయేది బిగించి ఇంజను రేపాం.

"ఏమండీ, కాఫీ పెట్టనా?" అంది మా అమ్మాయి.

"పెట్టు! చక్కెర తక్కువ!" అన్నాడు అల్లుడు.

"వినబడిందిగా అల్లుడూ, ఇదే ఉంచు" అన్నాను.

"నాకెందుకో భయంగా ఉంది మావయ్యా."

"నా చేతుల మీదుగా ఎన్ని ఇంజన్లు వెళ్లాయనుకున్నావ్!"

ముగ్గురం ట్రాక్‌కి వెళ్లాం. గేటు దగ్గర మీటరు పట్టుకున్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "హద్దు బాగా దాటిందండీ, కుదరదు."

"దీని పక్కనే నిలబడి కబుర్లు చెప్పుకున్నాం తల్లీ!"

"చెప్పుకోండి అంకుల్, కానీ అలా అరుస్తారేం?"

"ఎవరరుస్తున్నారు?" అంది మా అమ్మాయి. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

మా ఇంట్లో మామూలు గొంతంటే వీధి చివరికి వినబడేదని అంతవరకూ మాకెవరూ చెప్పలేదు. ఇంజన్ల మధ్య బతికినవాళ్లం, అందరం అలాగే మాట్లాడుకుంటాం. అల్లుడు ఇంజను ఆపాడు. డిక్కీలోంచి గదుల సైలెన్సరు బయటికి తీశాడు.

"అది బిగిస్తే బండి లేవదు అల్లుడూ."

"బిగించకపోతే లోపలికే రానివ్వరు కదా మావయ్యా. మళ్లీ గేట్లు అతికించమంటారా నన్ను?"

బిగిస్తుంటే బోల్టు రెండుసార్లు జారింది. మీటరు ఈసారి ఒప్పుకుంది. బండి లోపలికి వెళ్లింది గానీ, తిన్నని దారిలో కూడా బస్తాలు మోస్తున్నట్టు ఆయాసపడింది. మేనేజరు గడియారం చూసి జేబులో వేసుకున్నాడు.

నేను వెళ్లి అల్లుడి పనితనం చెప్పాను. నా పేరూ చెప్పాను, పిండిమరా, రోడ్డు రోలరూ అన్నీ చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు.

"అతుకులు చూశాను పెద్దాయనా, శుభ్రంగా ఉన్నాయి. కానీ నాకు చప్పుడూ తగ్గాలి, వేగమూ ఉండాలి. ఆ రెండూ కుదిర్చి తెచ్చినవాడు ఇందాకే వచ్చాడు."

తిరిగొచ్చేసరికి అల్లుడు జాకీతో కారు ఎత్తి దాని కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మిగతా బండ్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.

"ఇంటికెళ్దాం రండి" అంది అమ్మాయి.

"సైలెన్సరు కాలుతోంది. చల్లారాక విప్పుకుని వస్తా."

వంగి గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఎప్పుడో చల్లబడిపోయింది.

"అవును, ఇంకా కాలుతోంది" అన్నాను అమ్మాయితో. చక్రానికి ఆనుకుని అక్కడే కూర్చున్నాను.