రాజేశం కారుకు వేసిన పాత కన్వర్టర్

2021 ఏప్రిల్ నాటికి నేను సూరత్‌లో, కామ్‌రేజ్ వెళ్లే రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు కార్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. ఫోర్‌మన్ అంటే పెద్ద మెకానిక్ అనుకుంటారు చాలామంది. కాదు. స్పానర్ పట్టేది మెకానిక్. బండి ఎందుకు ఆగిందో తేల్చి, ఏ పని ఎవరు చెయ్యాలో చెప్పి, చివరికి జాబ్ కార్డు మీద సంతకం పెట్టేది ఫోర్‌మన్. సంతకం పడ్డాక ఆ బండికి రోడ్డు మీద ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది నేనే. అలాంటి సంతకాలు ఇరవై ఆరేళ్లు పెట్టాను. వాటిలో ఒకదాని గురించే ఈ రాత.

రాజేశం మా కరీంనగర్ వైపు మనిషి. సూరత్‌లోనే గోడాదరాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో మాస్టర్, అంటే మగ్గాలు ఆగకుండా చూసే బాధ్యత అతనిది. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది, కర్ర లేనిదే నడవలేడు. భార్య లక్ష్మికి రెండు కిడ్నీలూ చెడి, వారానికి మూడుసార్లు డయాలసిస్. 2019లో ఒకరోజు వర్క్‌షాపుకు వచ్చి, గేటు దగ్గరే నిలబడి అడిగాడు: "సార్, ఒంటికాలు మనిషి కారు నడుపొచ్చునా?"

నడపొచ్చు. ఆటోమేటిక్ బండికి క్లచ్ పెడల్ ఉండదు, కుడికాలు ఒక్కటి చాలు. సెకండ్ హ్యాండ్‌లో అలాంటి చిన్న కారు ఒకటి నేనే వెతికిపెట్టాను. లైసెన్సు కాగితాలు చేయించాను. కామ్‌రేజ్ దాటాక ఖాళీ రోడ్డు మీద ఆదివారాలు పక్కన కూర్చుని నేర్పించాను కూడా. మొదటిరోజు బ్రేకు ఎంత గట్టిగా తొక్కాడంటే నా కళ్లద్దాలు ఎగిరి ముందు అద్దానికి తగిలాయి. "ఓరి నీ బండ బడ, అది మగ్గం కాదురా నాయనా!" అని అరిచాను. రెండు నెలల తర్వాత డబ్బా నిండా సూరత్ మిఠాయి ఘారీలు పట్టుకొచ్చాడు. "ఇయ్యాల లక్ష్మిని నేనే తీస్కపోయిన సార్. ఎవ్వరి కాళ్లు మొక్కలే," అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది.

కరోనా రెండో విడతలో, ఆటోవాళ్లు ఆస్పత్రి పేరు చెబితేనే బండి తిప్పుకుని పోతున్న రోజుల్లో, ఆ కారు గేర్లు జారడం మొదలైంది. ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. గేర్‌బాక్సు నూనె తీసి చూశాను. మామూలుగా అది ఎర్రగా, పల్చగా ఉంటుంది. ఇది బొగ్గు కలిపినట్టుంది, కాలిన వాసన. లోపలి క్లచ్ పలకలు అరిగిపోయాయి. కొత్త గేర్‌బాక్సు ఎప్పుడొస్తుందో కంపెనీవాళ్లే చెప్పలేని కాలం. పాతది వెతకడమే దారి.

మా సీనియర్ మెకానిక్ జీతూభాయ్ లింబాయత్‌లో ఒక తుక్కు షెడ్డులో అదే మోడల్ గేర్‌బాక్సు పట్టుకున్నాడు. వెనక నుంచి గుద్దించుకున్న బండిది, లోపల నూనె ఎర్రగా ఉంది, సరుకు మంచిదే. ఒకటే లోటు, దాంతో టార్క్ కన్వర్టర్ రాలేదు.

ఈ కన్వర్టర్ సంగతి కొంచెం చెప్పాలి. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య, రెండు ఇనుప బేసిన్లు ఎదురెదురుగా పెట్టి అంచులు వెల్డింగ్ చేసినట్టుండే డబ్బా అది. లోపల రెక్కల చక్రాలు, నిండా నూనె. ఇంజిన్ వైపు చక్రం నూనెను తోస్తే ఆ నూనె అవతలి చక్రాన్ని తిప్పుతుంది, బండి కదులుతుంది. గేర్‌బాక్సులో అరిగిన పొడి అంతా నూనెతో పాటు తిరిగి తిరిగి ఈ డబ్బాలో చేరి మూలల్లో పేరుకుపోతుంది. వెల్డింగ్ డబ్బా కాబట్టి విప్పి కడగడానికి లేదు. అందుకే చెడిన గేర్‌బాక్సుతో పాటు దాని కన్వర్టర్ కూడా పోవాల్సిందే. నేర్చుకునే పిల్లలకు ఈ మాట వందసార్లు చెప్పినవాణ్ణి నేను.

మంచి కన్వర్టర్ ఆ గుద్దించుకున్న బండి ఇంజిన్‌కే బిగించి ఉండిపోయింది. ఇంజిన్ కామ్‌రేజ్‌లో తుక్కువాడి గోదాములో ఉంది. గోదాము చూసేవాడికి కరోనా వచ్చి తాళం పడింది, నాలుగైదు రోజులు పడుతుందన్నారు. ఆవేళ గురువారం. రాజేశం ఫోను చేశాడు.

"సార్, జర జల్ది చేయున్రి. పొద్దుగాల పక్కింటోని బండి మీద తోల్కపోయిన, ఆమె కూసోలేకపోయింది. శనివారం మల్ల పోవాలె."

"శుక్రవారం సాయంత్రానికి నీ బండి నీ ఇంటి ముందుంటది," అన్నాను. అడక్కుండానే అన్నాను. నా నోరే నాకు శత్రువు.

పాత కన్వర్టర్‌లో నూనె వంపేసి, కొత్త నూనె పోసి, బెంచీ మీద పెట్టి తిప్పి మళ్లీ వంపాను. మొదటిసారి నల్లగా వచ్చింది. రెండోసారి మట్టిరంగు. మూడోసారి ఎర్రగా వచ్చింది. అయస్కాంతం పెట్టి చూస్తే ఏమీ అంటుకోలేదు. జీతూభాయ్ పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"సాహెబ్, ఆధా కామ్ మత్ కరో," అన్నాడు. సగం పని చెయ్యొద్దని. పైపైన ఉన్నదే బయటికి వస్తుంది, మూలల్లోది రాదు, నాలుగు రోజులు ఆగుదాం అన్నది అతని మాట. అంతవరకు లక్ష్మిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి మన వర్క్‌షాపు వ్యానే పంపుదాం అని కూడా అన్నాడు. ఆ మాట నాకెందుకు తట్టలేదో, విన్నాక కూడా ఎందుకు పట్టించుకోలేదో ఇప్పటికీ తెలియదు. శుక్రవారం అన్నాను కాబట్టి శుక్రవారమే కావాలి, అంతే.

మిగతా పనంతా పద్ధతి ప్రకారమే చేశాను. నూనె చల్లబరిచే కూలర్ పైపులు కడిగించాను. కన్వర్టర్‌ను గేర్‌బాక్సు షాఫ్టు మీదికి తోస్తూ తిప్పితే మూడుసార్లు టక్కుమని లోపలికి కూర్చోవాలి. మూడు టక్కులూ నా చెవితో విన్నాను, స్కేలు పెట్టి లోతు కొలిచాను. జాబ్ కార్డులో, పాత భాగం తిరిగి వాడితే రాసి యజమాని సంతకం తీసుకునే గడి ఒకటి ఉంటుంది. అదొక్కటి ఖాళీగా వదిలేశాను. వేరే ఎవరి బండైనా రాసేవాణ్ణే. మనోడి దగ్గర కాగితమేంది అనుకున్నాను. అసలు సంగతి అది కూడా కాదేమో. రాస్తే చెప్పాలి, చెబితే అతను భయపడతాడు, శుక్రవారం తప్పుతుంది.

శనివారం లక్ష్మి ఆ కారులోనే ఆస్పత్రికి వెళ్లింది. ఆరు వారాలు బాగానే వెళ్లింది.

ఏడో వారం, వంతెన ఎక్కుతుండగా కారు వణికి ఆగిపోయింది. వెనక సీట్లో లక్ష్మి. రాజేశం దిగి తొయ్యలేడు. గంటన్నర ఎండలో ఉండిపోయారు. చివరికి చీరల మూటలు తోలే టెంపోవాడు ఒకడు ఆమెను మూటల మీదే కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ఆలస్యమైందని నాలుగు గంటల డయాలసిస్ రెండు గంటలే చేశారు. ఆ రాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి మూడు రోజులు ఐసీయూలో ఉంది. బతికింది.

గేర్‌బాక్సు దింపితే నూనె మళ్లీ నల్లగా ఉంది. జీతూభాయ్ కన్వర్టర్‌ను లేతు మీద కోశాడు. లోపలి రెక్కల మూలల్లో నల్లటి పేస్టు గట్టిపడి ఉంది, అందులో ఇత్తడి రజను. దాన్ని గీకి, న్యూస్‌పేపరు ముక్కలో పోసి, నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. "నేను ముందే చెప్పాను కదా" అని అతను ఒక్కమాట అన్నా బాగుండేది.

మర్నాడు రాజేశం వచ్చాడు. పొట్లం అప్పటికి నా సొరుగులో ఉంది.

"తప్పు నాదే సార్," అన్నాడు, నేను నోరు తెరవకముందే. "వంతెన ఎక్కుడు మీద రేసు గట్టిగ ఇచ్చిన. ఆమెకు ఆయాసమైతుంటే ఆగమాగమైన. మీరు గంత కష్టపడి చేసిచ్చిన బండిని ఖరాబ్ చేసిన."

చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. దానికి బదులు నేను, "పాత గేర్‌బాక్సులు గిట్లనే ఉంటయి రాజేశం. ఫికర్ చెయ్యకు, ఇంకోటి వేద్దాం, నువ్వేం ఇయ్యకు," అన్నాను.

"వద్దు సార్. బండి నాకు అచ్చిరాలే. కుంటోనికి కారెందుకని మా అన్న ముందుగాల్నే అన్నడు. నేనే ఇనలే."

కారును ఉన్నదున్నట్టుగా అమ్మేశాడు. గోడాదరాలో ఇల్లు ఖాళీ చేసి ఆస్పత్రి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు, లక్ష్మి నడిచి వెళ్లగలిగేంత దూరంలో. తను మాత్రం రెండు షేర్ ఆటోలు మారి కార్ఖానాకు వెళ్లేవాడు. ఇవన్నీ నాకు వాళ్లవీళ్ల ద్వారా తెలిసేవి. ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు, మొహం చెల్లలేదు.

మరుసటి ఏడు రిటైరయ్యాను. ఆ తర్వాత కొన్నాళ్లకు గోడాదరాలో ఒక గృహప్రవేశానికి వెళ్తే, షేర్ ఆటోలోంచి కర్ర ముందు దించి, ఆ తర్వాత కాలు దించుతూ కనిపించాడు. "సార్, మంచిగున్నరా!" అని అతనే ముందు పలకరించాడు. లక్ష్మి బాగానే ఉందట. టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్నాం. అక్కడ చెప్పాను. పాత కన్వర్టర్ వేసిన సంగతి, జీతూభాయ్ వద్దన్న సంగతి, సొరుగులో పొట్లం, అన్నీ.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. గ్లాసు బల్ల మీద పెట్టి నావైపు తిరిగాడు.

"అంటే, నేను ఖరాబ్ చెయ్యలేదా సార్?"

"లేదు. నువ్వు సక్కగనే నడిపినవ్."

"గప్పుడే గీ ఒక్కమాట చెప్తే అయిపోవు గద సార్," అన్నాడు. "పైసలు గిట్ల నేనేం అడగకపోతుంటి. మల్ల స్టీరింగ్ పట్టుకుంటుంటి."

ఇప్పుడైనా ఇంకో బండి చూద్దామన్నాను. నవ్వి, ఇప్పుడు భయమైతుంది సార్ అన్నాడు. కర్ర ఎత్తి ఇంకో షేర్ ఆటోను ఆపి, ఎక్కి వెళ్లిపోయాడు.

చెడిన గేర్‌బాక్సు కన్వర్టర్‌ను మళ్లీ వాడకూడదని నాకు ముందే తెలుసు, దాన్ని ఆ బండి కొత్తగా నేర్పలేదు. ఒకవేళ వాడాల్సి వస్తే ఆ సంగతి జాబ్ కార్డు మీద రాయాలి, యజమానికి చదివి వినిపించాలి, మన మనిషి బండైతే అందరికంటే ముందు రాయాలి. పని చెడిన రోజు ఎవరి చేతిలో చెడిందో ఆ రోజే చెప్పాలి. రాజేశం జాబ్ కార్డులో నేను ఖాళీగా వదిలిన గడి ఆ వర్క్‌షాపు ఫైల్లో ఇప్పటికీ ఖాళీగానే ఉంది.